గ్రామరాజ్యాల నాటి తెలుగు సాహిత్యం, ఆ తర్వాతి రచనలు

కమ్యూనిస్టు పాలనలో పుట్టిన సాహిత్యం అనగానే చదువరికి రష్యా, చైనా, తూర్పు ఐరోపా దేశాలు గుర్తుకొస్తాయి. తెలుగు నేల మీద కమ్యూనిస్టు ప్రభుత్వం ఎన్నడూ ఏర్పడలేదు. కేరళలో 1957లో, పశ్చిమ బెంగాల్‌లో 1977లో ఓటు ద్వారా వచ్చిన అధికారం ఇక్కడ రాలేదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో గెలుస్తామని గట్టిగా నమ్మిన పార్టీ 196 స్థానాల్లో 15 దగ్గర ఆగిపోయింది. అయితే అంతకు ముందే, 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, నిజాం రాష్ట్రంలోని నల్లగొండ, వరంగల్ జిల్లాల్లోనూ చుట్టుపక్కల తాలూకాల్లోనూ వేల పల్లెలు గ్రామరాజ్య కమిటీల చేతిలో నడిచాయి. ఆ కమిటీల వెనుక ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ ఉన్నాయి. జనం రెంటినీ కలిపి ‘సంఘం’ అనేవారు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథం లెక్క ప్రకారం అలాంటి పల్లెలు సుమారు 3,000, పంచిన భూమి 10 లక్షల ఎకరాలు, పోరాటంలో చనిపోయినవారు 4,000 మంది. వెట్టి ఆగింది. అప్పుపత్రాలు మంటల్లో పడ్డాయి. దొర గడీలో తేలే తగాదాలు ఊరి మధ్య చెట్టు కింద తేలాయి. తెలుగువారికి కమ్యూనిస్టు పాలన అంటే అనుభవంలో ఉన్నది ఇంతే.

ఈ కొద్దికాలపు పాలన చుట్టూ పెరిగిన సాహిత్యం ఒక వరుసలో వచ్చింది. పల్లెలు సంఘం చేతిలో ఉన్న రోజుల్లో పాట మారుమోగింది. నవలలు ఎక్కువగా పోరాటం ముగిశాక వచ్చాయి. ఆ రోజుల్లో నిజంగా ఏం జరిగిందో దాపరికం లేకుండా చెప్పిన పుస్తకాలు మూడున్నర దశాబ్దాలు దాటాక గాని రాలేదు. వాటిలో ముఖ్యమైనవి స్త్రీలవి. మరో తేడా కూడా ఉంది. సోవియట్ యూనియన్‌లో 1934 నుంచి రచయితల సంఘం, ప్రచురణ సంస్థ, సెన్సారు అన్నీ ప్రభుత్వం చేతిలోనే ఉండేవి. ఇక్కడ పార్టీ రాజ్యమేలిన పల్లెలో అచ్చుయంత్రం లేదు. అచ్చుయంత్రాలున్న పట్నాల్లో అధికారం నిజాందో, మద్రాసు ప్రభుత్వానిదో. అందువల్ల తెలుగులో నిషేధానికి గురైన పుస్తకాలు పార్టీని తప్పుపట్టినవి కావు, పార్టీ వైపు నిలబడినవి.

పాట

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సాయుధ పోరాటానికి అదే మొదలు అని చరిత్రకారులు చెబుతారు. పాట అంతకు ముందే ఊళ్ళు తిరుగుతోంది. సుద్దాల హనుమంతు దానికి పెద్ద దిక్కు. గొల్లసుద్దులు, యక్షగానం, హరికథ, ఉయ్యాల పాట, ఏది జనం నోట నానితే దాన్నే తీసుకుని సంఘం మాట అందులో పెట్టాడు. పసులు కాసే జీతగాడి మీద ఆయన కట్టిన పాట ఇప్పటికీ తెలంగాణలో తెలియనివారు తక్కువ. పాడేవాడు పసివాణ్ణి దారిలో ఆపి యోగక్షేమాలు అడుగుతున్నట్టు అది నడుస్తుంది. చాలీచాలని అంగీ, చలికి నెత్తిన కప్పుకున్న గోనె, కాళ్ళకు తాటి చెప్పులు, జీతం కింద కొలిచిన కల్తీ గింజలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొస్తాయి. దొరను తిట్టడం కంటే పిల్లవాణ్ణి చూపించడం మీదే కవి ధ్యాస. ఆ పాట నిలవడానికి కారణం అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నినాదం మాత్రమే ఉన్న పాటలు ఆ రోజుల్లో వందల కొద్దీ పుట్టాయి, ఆ రోజులతోనే పోయాయి.

బండి యాదగిరి దళంలో పనిచేస్తూ పాటలు కట్టాడు, పోరాటంలోనే ప్రాణం విడిచాడు. నైజాము సర్కారును ఎదురుగా నిలబెట్టి సవాలు చేసే ఆయన పాటను 1980లో విడుదలైన ‘మాభూమి’ సినిమాలో గద్దర్ పాడాక అది పోరాటం చూడని తరానికి కూడా చేరింది. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఆడవాళ్ళ పాటలకు మాత్రం కవి పేరు దొరకడం అరుదు. బతుకమ్మ ఆటలో, నాటు వేసే మడిలో ఉయ్యాల వరస మీద సంఘం కథలు చేరాయి. మల్లు స్వరాజ్యం పదిహేనేళ్ళ ప్రాయం నాటికే ఊళ్ళకు వెళ్ళి ఉయ్యాల పాట ఎత్తుకుని, జనం గుమిగూడాక ఉపన్యాసం చెప్పేది.

బుర్రకథ, నాటకం

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కోస్తా జిల్లాల్లో పెద్ద బలగం. గరికపాటి రాజారావు దానికి నాయకుడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘ముందడుగు’ జమీందారీ రైతు కథ. 1947లో వారే రాసిన ‘మాభూమి’ తెలంగాణ పోరాటాన్ని, అది జరుగుతుండగానే, రంగం మీదికి తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

బుర్రకథ పార్టీకి ఎందుకంత నప్పిందో ఆ కళ నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం, రెండో వంత రాజకీయం. పలనాటి యుద్ధం చెబుతున్నా బొబ్బిలి కథ చెబుతున్నా రాజకీయ వంత మధ్యలో అడ్డం పడి నిన్నటి పత్రికలో వార్త మాట్లాడగలడు. కథ ఆగదు, సభికుడికి విసుగు రాదు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ వెసులుబాటును ఆఖరి చుక్క దాకా వాడుకున్నాడు. తెలంగాణ మీద సుంకర రాసిన ‘కష్టజీవి’, మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు కథ ఆయన దళం చెప్పినవాటిలో ఉన్నాయి. నాజర్ ఆత్మకథ ‘పింజారి’ చదివితే పార్టీ కళాకారుడి ఇంట్లో ఆకలి ఎలా ఉండేదో తెలుస్తుంది.

కవులు

ఆవంత్స సోమసుందర్ ‘వజ్రాయుధం’, ఆరుద్ర ‘త్వమేవాహం’ 1949లో వచ్చాయి. గంగినేని వెంకటేశ్వరరావు ‘ఉదయిని’ ఆ మరుసటి ఏడాదిది. కుందుర్తి ‘తెలంగాణ’ పోరాటం ముగిశాక వెలువడింది. ‘వజ్రాయుధం’ మీదా నిషేధం పడింది. వీరంతా కోస్తా కవులు. పోరాటాన్ని ఎక్కువగా పత్రికల్లో, పార్టీ సభల్లో విన్నవారు. ఆవేశం నిజమైనదే, కాని పల్లె వాసన పల్చన. మఖ్దూం మొహియుద్దీన్ సంగతి వేరు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చినవాడు ఆయనే. తెలంగాణ మీద ఆయన కవిత ఉర్దూలో ఉంది.

దాశరథి కృష్ణమాచార్య సంఘం కవి కాడు, స్టేట్ కాంగ్రెస్ వైపు నుంచి నిజామును ఎదిరించి జైలుకు వెళ్ళాడు. నిజామాబాదు జైలులో బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు. అదే జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. ఒకే గోడల మధ్య పద్యకవి, కమ్యూనిస్టు నవలాకారుడు ఉండటం ఆనాటి నిజాం వ్యతిరేక పోరు ఎంత విశాలమో చూపుతుంది.

నవల

వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) వంటపని చేశాడు, హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు మోసుకుని ఊరూరా అమ్మాడు. ఆయన ‘ప్రజల మనిషి’ (1955) తెలంగాణ పల్లెను లోపలి నుంచి చూపిన తొలి పెద్ద నవల. దిమ్మెగూడెం అనే ఊరు, అక్కడి దేశ్‌ముఖ్, భూమి పోగొట్టుకున్న కుటుంబం, కంఠీరవం అనే యువకుడు, మతమార్పిడుల గొడవ, గ్రంథాలయం, ఆంధ్ర మహాసభ అందులో కనిపిస్తాయి. కథ సాయుధ పోరాటం దాకా రాదు. దాని తర్వాతి భాగం వంటి ‘గంగు’ పూర్తి కాకముందే ఆయన చనిపోయాడు. 1965లో అది అసంపూర్తిగానే అచ్చయింది.

ఆళ్వారుస్వామి వదిలిన చోటు నుంచి దాశరథి రంగాచార్య అందుకున్నాడు. ‘చిల్లర దేవుళ్లు’ (1969), ‘మోదుగుపూలు’ (1971), ‘జనపదం’ (1976) వరుసగా చదివితే గడీ పెత్తనం నుంచి, 1948లో యూనియన్ సైన్యం జరిపిన పోలీసు చర్య తర్వాతి రోజుల దాకా తెలంగాణ కళ్ళకు కడుతుంది. ఊరి భాషను మాటల్లోనే కాక కథనంలోకి కూడా దించడం ఆయన సాధించిన విజయం. సంఘంలో పనిచేసిన ఈ రచయితే తర్వాతి కాలంలో నాలుగు వేదాలను తెలుగు వచనంలోకి తెచ్చాడు. ఆయనకు ఈ రెండు పనుల మధ్య పేచీ కనబడలేదు.

కోస్తా నుంచి వచ్చిన నవలల్లో బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ 1947 నాటిది. పోరాటం మీద తెలుగులో మొదటి నవల అదే. మహీధర రామమోహనరావు ‘ఓనమాలు’, ‘మృత్యువు నీడల్లో’ ఆ తర్వాతివి.

ఈ నవలలన్నీ కలిపి చూసినా ఒక ఖాళీ మిగులుతుంది. దొర దౌర్జన్యం గురించి, పోలీసుల దాడి గురించి పేజీలు నిండుగా ఉన్నాయి. గ్రామరాజ్యం రోజూ ఎలా నడిచిందో, పంచిన భూమిలో మొదటి పంట ఎవరు కోశారో, ఎవరికి ఎంత వచ్చిందని ఎవరు అలిగారో, కమిటీ తీర్పు నచ్చనివాడు ఏం చేశాడో చెప్పిన నవల దాదాపు లేదు. పాలన కంటే పోరాటమే రచయితను ఆకర్షించింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక, 1964లో పార్టీ చీలాక, ఆ ఏళ్ళ గురించి మాట్లాడటం అంటే ఏ పక్షమో తేల్చుకోవడమే అయింది. సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు రాసిన చరిత్రలు ఒకే పోరాటాన్ని మూడు తీర్పులతో చెబుతాయి. ముఖ్యంగా 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక తుపాకీ దించాలా వద్దా అన్న చోట వారి దారులు వేరు.

స్త్రీలు చెప్పిన చరిత్ర

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువరించింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ళు చెప్పింది టేపుల మీద పట్టి, వాళ్ళ మాటల్లోనే అచ్చువేసిన పుస్తకం అది. అక్షరం రానివాళ్ళు, డాక్టర్లు, దళంలో తుపాకీ పట్టినవాళ్ళు, రహస్య స్థావరాల్లో ఇల్లాలిగా నటిస్తూ కబుర్లు చేరవేసినవాళ్ళు అందులో ఉన్నారు. పోలీసులు వెంటబడుతుంటే దళంతో కదలాల్సివచ్చి, చంటిబిడ్డను ఇతరుల చేతికి వదిలిన తల్లి మాట ఆ పుస్తకంలో ఉంది. పార్టీ చరిత్రల్లో ఆ బిడ్డ లేడు. పోరాటం ఆగాక ‘ఇక ఇళ్ళకు పొండి’ అన్నారని, ఏ ఇంటికి పోవాలో ఎవరూ చెప్పలేదని వాళ్ళు బాధపడతారు. అయినా ఆ రోజులే తమ బతుకులో వెలుగు అని కూడా వాళ్ళే అంటారు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి రావడం ఆ పుస్తకానికి బలం.

సోవియట్ బెలారుస్‌లో స్వెత్లానా అలెక్సియేవిచ్ ఇదే దారిలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన స్త్రీల మాటలు సేకరించి ఆమె చేసిన పుస్తకం 1985లో వచ్చింది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అక్కడా ఇక్కడా గెలుపు కథలు చెప్పే బాధ్యత మగవాళ్ళు తీసుకున్నారు. వంట, నెలసరి, భయం, బిడ్డ, తిరిగొచ్చాక ఊరి నింద చెప్పే పని ఆడవాళ్ళకు మిగిలింది.

కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది, అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. బాల్యంలోనే పెళ్ళి, ఊహ తెలియని వయసులో వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీకి నగలు ఇచ్చేయడం, ప్రజానాట్యమండలి పాటలు, అజ్ఞాతవాసం, భర్త వదిలివెళ్ళడం, మళ్ళీ చదువుకుని కాకినాడలో ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌గా బతకడం, కొడుకును, కూతురును పోగొట్టుకోవడం ఆ చిన్న పుస్తకంలో ఉన్నాయి. భర్త తర్వాతి కాలంలో పీపుల్స్‌వార్ పార్టీ స్థాపకుడయ్యాడు. ఆయన మీద ఆమె కక్ష తీర్చుకోదు, ఆయనను క్షమించానని కూడా చెప్పదు. జరిగింది జరిగినట్టు చెప్పి ముందుకు సాగుతుంది. తెలుగు ఆత్మకథల్లో ఇంత తక్కువ గొంతుతో ఇంత బరువు మోసినది మరొకటి చూపడం కష్టం. ఆమె 2018లో విశాఖపట్నంలో కన్నుమూసింది. మల్లు స్వరాజ్యం చెప్పగా రాసిన ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వచ్చింది. అందులో గొంతు పూర్తిగా వేరు. చివరి దాకా పార్టీలోనే ఉన్న మనిషి ధీమా అడుగడుగునా వినిపిస్తుంది.

మాస్కో నుంచి వచ్చిన తెలుగు

నిజంగా కమ్యూనిస్టు రాజ్యంలో రాసిన సాహిత్యం కూడా తెలుగు ఇళ్ళకు చేరింది. క్రొవ్విడి లింగరాజు 1930లలోనే గోర్కీ నవలను ‘అమ్మ’గా తెలుగు చేశాడు. తర్వాత ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలోనే తెలుగు పుస్తకాలు అచ్చువేశాయి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు, నిడమర్తి ఉమారాజేశ్వరరావు వంటివారు అనువాదకులు. వృక్షశాస్త్రం చదివిన లక్ష్మణరావు ‘అతడు–ఆమె’ నవలాకారుడు కూడా. గట్టి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, అతి తక్కువ ధర. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను చిన్న ఊరికి వచ్చిందంటే బడిపిల్లవాడి చేతి డబ్బుకు కూడా ఒక పుస్తకం దొరికేది. సోల్జెనిత్సిన్ వంటి అసమ్మతి రచయితలకు ఆ వ్యానులో చోటు లేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ ధార ఆగిపోయింది. కొన్ని పిల్లల పుస్తకాలను మంచి పుస్తకం సంస్థ మళ్ళీ అచ్చువేస్తోంది.

మన్యం, శ్రీకాకుళం

నర్సీపట్నం పక్కన గొలుగొండ ప్రాంతం ఏనాడూ కమ్యూనిస్టు పాలన చూడలేదు. అయినా ఈ సాహిత్యంలో దానికి చోటుంది. నర్సీపట్నం నుంచి కొండ మీదికి వేసిన రోడ్డుకు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులను చాలీచాలని కూలికి తోలడం, పోడు మీద అడవి శాఖ ఆంక్షలు 1922 పితూరీకి కారణాల్లో ముఖ్యమైనవి. ఆ ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుంచి అల్లూరి దళం ఆయుధాలు తీసుకుపోయింది. 1924 మే 7న ఆయన్ను కొయ్యూరులో కాల్చి చంపారు. గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. అల్లూరి కమ్యూనిస్టు కాడు. కాని మన్యంలో రోడ్డు వెట్టి, తెలంగాణలో గడీ వెట్టి ఒకే రకం బాధ కాబట్టి, బుర్రకథ దళాల నుంచి విప్లవ గాయకుల దాకా అందరూ ఆయన్ను తమ పూర్వీకుడిగా తలచుకున్నారు. 1974 నాటి సినిమాలో అల్లూరి మీద రాసిన పాటకు శ్రీశ్రీ జాతీయ బహుమతి అందుకున్నాడు.

ఇదే తూర్పు కనుమల వరుసలో ఉత్తరాన శ్రీకాకుళం కొండల్లో 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల హత్యతో అక్కడి గిరిజన ఉద్యమం సాయుధ మార్గం పట్టింది. సుబ్బారావు పాణిగ్రాహి అర్చకత్వం చేస్తూ ఉద్యమంలోకి వచ్చినవాడు. ఉత్తరాంధ్రలో అమ్మవారి కథలు చెప్పే జముకును తీసుకుని దాని మీద గిరిజనుల అప్పు, షావుకారి తూకం చెప్పాడు. 1969 డిసెంబరు 22న ఆయన్ను పోలీసులు కాల్చి చంపారు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ ఉద్యమానికి ముందే రాసిన కథ. అయినా ఆ ఉద్యమం ఎందుకు వచ్చిందో దానికంటే బాగా చెప్పిన రచన లేదు. భూషణం ‘కొండగాలి’ ఆ ప్రాంతపు గిరిజన జీవితాన్ని చెప్పింది. రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయంలో ఈ కాలపు పత్రికలు, కథలు భద్రంగా ఉన్నాయి.

1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలకు వచ్చిన రచయితలను, మీరు ఎవరి పక్షమో చెప్పమని విద్యార్థులు కరపత్రంలో నిలదీశారు. ఆ జులై 4న, అంటే దొడ్డి కొమరయ్య చనిపోయిన తేదీనే, హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. శ్రీశ్రీ అధ్యక్షుడు. మరుసటి ఏడాది జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్ళారు. 1974లో విప్లవ రచయితల మీద పెట్టిన సికింద్రాబాదు కుట్రకేసు 1989లో వీగిపోయింది. హిందుస్థాన్ షిప్‌యార్డు కార్మికుడు వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర యాసను రాష్ట్రమంతా పాడించాడు. అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’ (1979) కరీంనగర్ రైతుకూలీ పోరాటాల నవల. ‘సాధు’ పేరుతో వచ్చిన ‘రాగో’ (1993) బలవంతపు పెళ్ళి తప్పించుకుని పారిపోయిన దండకారణ్యపు ఆదివాసీ అమ్మాయి కథ.

కె.జి. సత్యమూర్తి (1931–2012) ‘శివసాగర్’ పేరుతో రాసిన కవితలు జానపద గేయపు లయతో విప్లవ కవిత్వంలో ప్రత్యేకంగా నిలిచాయి. పీపుల్స్‌వార్ తొలి నాయకుల్లో ఒకడైన ఆయన పార్టీలో కుల వివక్ష ఉందని ప్రశ్న లేవదీసి 1980లలో బహిష్కరణకు గురయ్యాడు. తర్వాత దళిత ఉద్యమ కవిగా రాశాడు. మేనకోడలు సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ ఆయన జీవితం మీద ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ 2017లో వచ్చింది. దళంలో కూడా ఎవరి కులపు పని వాళ్ళకే అప్పగించారని, క్షవరం, బట్టలుతకడం అలాగే పంచారని, సత్యమూర్తి అడిగిన ప్రశ్న అదేనని ఆ పుస్తకం చెబుతుంది.